శాచ్యురేషన్ 86, చార్టులో శ్వాస 22: సెకండ్ వేవ్ నాటి ఒక కేసు

ఈ కేసు రాయడానికి రోగి, ఆయన కొడుకు ఒప్పుకున్నారు. ఎవరో తెలిసిపోకుండా ఊరు, వయసు, ఇంటి సంగతులు కొన్ని మార్చాను. వైద్యం సంగతులు మార్చలేదు, మా తప్పులు కూడా.

అప్పటి పరిస్థితి

2021 మే నెల మధ్య. తిరుపతిలో మా క్యాజువాల్టీ అప్పటికి క్యాజువాల్టీలా లేదు. గేటు బయట షామియానా, దాని కింద రెండు బల్లలు. ఒకదాని మీద పల్స్ ఆక్సీమీటర్లు, రెండోదాని మీద యాంటిజెన్ కిట్లు. ఎవరొచ్చినా ముందు వేలికి క్లిప్పు పెట్టేవాళ్ళం. శాచ్యురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 94 కంటే తక్కువుంటే ఎడమ పక్క రెడ్ జోన్, జ్వరం లేకుండా 94 పైన ఉంటే కుడి పక్క పాత క్యాజువాల్టీ. వచ్చిన మనిషికి ఏం జబ్బో తెలిసేలోపే ఎటు వెళ్ళాలో తేలిపోయేది.

ఇది బుద్ధి లేక పెట్టుకున్న పద్ధతి కాదు. ఏప్రిల్‌లో అందరినీ ఒకే హాల్లో చూశాం. కాలు విరిగి వచ్చినవాళ్ళు పక్క మంచం నుంచి కోవిడ్ అంటించుకుని పోయారు, మా సిస్టర్లు ఒకరి తర్వాత ఒకరు క్వారంటైన్‌లోకి వెళ్ళారు. వేరు చేయక తప్పలేదు. దానికి తోడు ఊరంతా ఆక్సిజన్ టెన్షన్. మే 10 రాత్రి తిరుపతిలోనే ఒక పెద్ద ఆసుపత్రిలో ఆక్సిజన్ ప్రెషర్ కాసేపు పడిపోయి, అధికారిక లెక్క ప్రకారమే 11 మంది చనిపోయారు. ఆ తర్వాత కొన్నాళ్ళు మా వార్డులో అందరి కళ్ళూ గోడ మీది ప్రెషర్ మీటరు మీదే. రోగి కంటే ముందు దాన్ని చూసేవాళ్ళం.

మధ్యాహ్నం 12 నుంచి మర్నాడు ఉదయం 6 దాకా కర్ఫ్యూ. గుండెపోటు, పక్షవాతం కేసులు తగ్గిపోయాయని మొదట్లో ఆశ్చర్యపోయాం. తగ్గలేదు, ఆలస్యంగా వస్తున్నారు. ఆసుపత్రికి పోతే కరోనా అంటుకుంటుందని ఇంట్లోనే నొప్పి ఓర్చుకుని, మూడో రోజు ఊపిరితిత్తుల్లో నీరు నిండాక వచ్చేవాళ్ళు.

వచ్చిన మనిషి

యాభై దాటిన రైతు, తిరుపతికి గంట దూరంలో పల్లె. బీపీ, షుగర్ లేవు. తెల్లవారుజామున మూడున్నరకి కడుపు నొప్పితో లేచాడు. రెండుసార్లు వాంతి. ఆరింటికి ఊళ్ళో ఆర్ఎంపీ గ్యాస్ ట్రబుల్ అని ఇంజెక్షన్ ఇచ్చాడు. ఎనిమిదింటికల్లా గొంతు పట్టేసినట్టుంది, నీళ్ళు మింగుడు పడటం లేదు అన్నాడు. ఆర్ఎంపీ మళ్ళీ వచ్చి వేలికి క్లిప్పు పెట్టి చూస్తే 88. "కోవిడ్, వెంటనే తిరుపతికి పోండి" అన్నాడు. ఆ ఇంట్లో కోడలికి అంతకు వారం ముందే పాజిటివ్ వచ్చింది. ఇంకెవరికి అనుమానం వస్తుంది?

108కి ఫోన్ చేస్తే బండ్లన్నీ తిరుగుతున్నాయి, ఆగమన్నారు. ఆటోవాళ్ళు పాజిటివ్ ఇల్లు అని రానన్నారు. చివరికి టమాటాలు తోలే బండిలో పడుకోబెట్టి తెచ్చారు. దారిలో ఒకచోట ఆపితే బెడ్ లేదన్నారు. మా షామియానా కిందికి వచ్చేసరికి 10:40.

శాచ్యురేషన్ 86. పల్స్ 110. జ్వరం లేదు. యాంటిజెన్ నెగెటివ్. లక్షణాలుండి యాంటిజెన్ నెగెటివ్ వస్తే నమ్మొద్దు, ఆర్టీపీసీఆర్ పంపండి అన్నది అప్పటి నియమం. పంపారు. రిపోర్టుకి ఒక రోజు పడుతుంది. కేస్ షీట్ మీద హౌస్ సర్జన్ "ఆయాసం, శాచ్యురేషన్ 86, ఇంట్లో పాజిటివ్ కాంటాక్ట్, కోవిడ్ అనుమానం" అని రాసి రెడ్ జోన్‌కి పంపించాడు. నేను ఆ టేబుల్ దగ్గరుంటే నేనూ అదే రాసేవాణ్ణి.

మొదటి గంటన్నర: చేసింది, చెడింది

మాస్కుతో ఆరు లీటర్ల ఆక్సిజన్ పెట్టారు. శాచ్యురేషన్ 97కి వచ్చింది. రెడ్ జోన్ లెక్క ప్రకారం ఆయన బాగున్నవాళ్ళ జాబితాలోకి వెళ్ళిపోయాడు. సీటీ స్కాన్ క్యూలో ఆయనకి ముందు ఏడుగురున్నారు.

ఇక్కడ కాస్త ఆగాలి. శాచ్యురేషన్ చెప్పేది రక్తంలో ఆక్సిజన్ ఎంతుందన్నది మాత్రమే. మనిషి గాలి ఎంత లోపలికి తీసుకుంటున్నాడో, ఎంత బయటికి వదులుతున్నాడో అది చెప్పదు. కోవిడ్ న్యుమోనియాలో ఊపిరితిత్తి చెడుతుంది, ఛాతీ కండరాలు మాత్రం బలంగా పనిచేస్తాయి, అందుకే రోగి రొప్పుతాడు. కండరాలే పడిపోతే ఊపిరితిత్తి శుభ్రంగా ఉన్నా గాలి ఆడదు. కార్బన్ డయాక్సైడ్ లోపలే పేరుకుని, గాలి తిత్తుల్లో ఆక్సిజన్‌కి చోటు తగ్గిపోతుంది. అప్పుడు కూడా క్లిప్పు 86 అనే చూపిస్తుంది. ఈ రెండో రకం మనిషికి ఆక్సిజన్ పెడితే అంకె చక్కగా 97కి వస్తుంది. కార్బన్ డయాక్సైడ్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. అంటే ఆక్సిజన్ ఇచ్చి మేము ప్రమాదాన్ని తగ్గించలేదు, మాకున్న ఒక్క అలారాన్నీ ఆపేశాం.

తర్వాత చేసింది ఇంకా ఘోరం. ఆ రోజుల్లో రెడ్ జోన్‌లో అందరినీ బోర్లా పడుకోబెట్టేవాళ్ళం. కోవిడ్‌లో అది పనిచేస్తుంది. ఈయన్నీ బోర్లా తిప్పారు. మెడ నిలపలేని, ఉమ్మి మింగలేని మనిషిని బోర్లా పడుకోబెట్టడం అంటే ఏమిటో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఇరవై నిమిషాలు అలా ఉన్నాడు. ఊపిరాడటం లేదని చెప్పడానికి ఆయనకి గొంతు రావడం లేదు. మూలుగుతున్నాడు. ఆ హాల్లో మూలగనిదెవరు?

12:15కి ఒక సిస్టర్ పిలిచింది. "సార్, ఈయన మాస్కు ఊరికే తడిసిపోతోంది. రెండుసార్లు మార్చాను. ఉమ్మి మింగట్లేదు."

వెళ్ళి చూశాను. ఆ వరుసలో ఎనిమిది మంచాలు. ఏడుగురు భుజాలు ఎగరేస్తూ నిమిషానికి ముప్పై, నలభై సార్లు రొప్పుతున్నారు. ఈయన ఒక్కడే నెమ్మదిగా ఉన్నాడు. మొదట నాకు అది హాయిగానే అనిపించింది. తర్వాత భయం వేసింది. శాచ్యురేషన్ 86తో వచ్చిన మనిషి ఇంత నెమ్మదిగా ఎందుకున్నాడు? చార్టు చూస్తే శ్వాస నిమిషానికి 22 అని ఉంది. మా చార్టుల్లో 22 అంటే అసలు లెక్కపెట్టలేదని అర్థం, ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. నిమిషం పాటు ఛాతీ మీద చెయ్యి పెట్టి లెక్కపెట్టాను. 12. అదీ పైపైన, పొట్ట లోపలికి పోతూ.

రోగనిర్ధారణ

పీపీఈ కిట్‌లో, ఆవిరి పట్టిన అద్దాల్లోంచి మనిషి మొహం సరిగ్గా కనపడదు. ఆయన మొహం మీద మాస్కు. కళ్ళు సగం మూసి ఉంటే నిద్ర మత్తు అనుకున్నాం. "పెద్దాయనా, పైకి చూడు" అన్నాను. నుదురు ముడుచుకుంది కానీ రెప్పలు లేవలేదు. తల ఎత్తమంటే దిండు మీంచి ఎత్తలేకపోయాడు. ఒక్క ఊపిరిలో ఒకటి, రెండు లెక్కపెట్టమంటే నాలుగు దగ్గర గొంతు ఆగిపోయింది, అదీ ముక్కుతో మాట్లాడినట్టు. స్పృహ మాత్రం పూర్తిగా ఉంది.

రెప్పలు, గొంతు, మెడ, ఊపిరి. పైనుంచి కిందికి దిగుతున్న పక్షవాతం, తొమ్మిది గంటల్లో. కోవిడ్ తర్వాత గిలియన్ బారీ (నరాలు దెబ్బతిని కండరాలు పడిపోయే జబ్బు) వస్తుందని అప్పటికే విని ఉన్నాం, కానీ అది మామూలుగా కాళ్ళ నుంచి పైకి వస్తుంది, రోజులు పడుతుంది. మామిడి తోపుకి మందు కొట్టి ఉంటే? పురుగుమందు విషంలో కంటిపాపలు చిన్నవవుతాయి, చెమట, విరేచనాలు ఉంటాయి. ఈయన పాపలు పెద్దవిగా, మందకొడిగా ఉన్నాయి. మెదడు కాండంలో స్ట్రోక్ అయితే ఇంత తెలివిగా సైగలు చేస్తూ, రెండు పక్కలా ఇంత సమానంగా పడిపోవడం అరుదు.

కొడుకుని గేటు దగ్గరికి పిలిపించాను. అడిగింది ఒక్కటే, రాత్రి ఎక్కడ పడుకున్నాడని.

"తోపు కాడ మోటార్ షెడ్డులో పడుకుంటాండాడు సార్, వారం నుంచి. ఇంట్లో ఒకటే గది. నా భార్యకి పాజిటివ్ కదా, నాయనకి అంటుకుంటాదని మేమే పొమ్మన్యాం."

"మంచం మీదా, నేల మీదా?"

"నేల మీదే సార్. చాప."

కట్లపాము. రాత్రిపూట తిరిగేది, నేల మీద పడుకున్నవాళ్ళనే ఎక్కువగా కరుస్తుంది. కోరలు చిన్నవి, కాటు నొప్పి ఉండదు, వాపు రాదు, చాలాసార్లు గాటు కూడా కనపడదు. తెల్లవారుజామున కడుపు నొప్పితో లేవడం దీనికి ఎంత పాత గుర్తో చిత్తూరు జిల్లాలో పనిచేసిన ప్రతి డాక్టరుకీ తెలుసు. నాకూ తెలుసు. మామూలు రోజుల్లో ఇదే మనిషి క్యాజువాల్టీకి వస్తే మా హౌస్ సర్జనే రెండు నిమిషాల్లో చెప్పేవాడు. ఆ రోజు ఎవరూ అడగలేదు, ఎందుకంటే అడగడానికి ముందే జవాబు రాసి ఉంది.

ఒళ్ళంతా టార్చి వేసి వెతికాం, గాటు లేదు. 20 నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్షకి లాబ్ నుంచి కొత్త గాజు ట్యూబు తెప్పించాం. గడ్డకట్టింది, అంటే రక్తాన్ని గడ్డకట్టనివ్వని పింజరి కాదు. ధమని రక్తంలో పీహెచ్ 7.16, అంటే రక్తం ఆమ్లంగా మారింది; కార్బన్ డయాక్సైడ్ 82, మామూలుకి రెట్టింపు. ఆ క్షణంలో కూడా మానిటర్ మీద శాచ్యురేషన్ 97 అనే ఉంది.

ఆ మధ్యాహ్నం నిర్ణయాలు

బైపాప్ (గొంతులో ట్యూబు లేకుండా బిగుతు మాస్కుతో గాలి కొట్టే మెషీన్) పెడదామని జూనియర్ అన్నాడు. ట్యూబు వేయకుండా గడిచిపోతుందేమోనని అతని ఆశ. ట్యూబు వేసేటప్పుడు వైరస్ గాల్లోకి చిమ్ముతుందన్న భయం అందరిలోనూ ఉంది. కానీ ఉమ్మి మింగలేని మనిషికి బిగుతు మాస్కుతో గాలి కొడితే ఆ ఉమ్మి అంతా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆర్టీపీసీఆర్ వచ్చేదాకా ఆగుదామా అంటే, 82 ఆగదు. పూర్తి కిట్‌తో, ట్యూబుకి వైరస్ ఫిల్టర్ పెట్టి, 12:50కి ట్యూబు వేశాం. మత్తు కొద్దిగా సరిపోయింది, కండరాలు సడలించే మందు అవసరమే పడలేదు. అప్పటికే అంతా సడలిపోయి ఉంది.

పాము విషానికి విరుగుడు ఏఎస్‌వీ 10 వయల్స్ ఎక్కించాం, గంట తర్వాత ఇంకో 10. అట్రోపిన్ 0.6 మిల్లీగ్రాములు, నియోస్టిగ్మిన్ 1.5 మిల్లీగ్రాములు ఇచ్చి అరగంట చూశాం. ఏ మార్పూ లేదు. నాగుపాము విషం నరం అవతల, కండరం వైపు గొళ్ళెం పెడుతుంది, నియోస్టిగ్మిన్ దాన్ని కొంత తీయగలదు. కట్లపాము ముఖ్యమైన విషం నరం కొసనే పాడు చేస్తుంది. ఆ కొస మళ్ళీ చిగురించాలి, దానికి రోజులు పడుతుంది. ఏఎస్‌వీ రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టుకుంటుంది కానీ నరం లోపల జరిగిపోయినదాన్ని వెనక్కి తేలేదు. అంటే ఈయనకి అసలు మందు వెంటిలేటరే, కనీసం వారం.

వెంటిలేటర్ లేదు. ఒక్కటి కూడా. ట్యూబుకి అంబు బ్యాగు (గాలి కొట్టే రబ్బరు సంచి) తగిలించి చేత్తో నొక్కడం మొదలుపెట్టాం. హౌస్ సర్జన్ కాసేపు, వార్డు బాయ్ కాసేపు. మూడో వంతుకి కొడుక్కే కిట్ తొడిగి నేర్పించాం. అయిదు లెక్కపెట్టి ఒకసారి నొక్కు అంటే, కంగారులో అతని లెక్క పరిగెత్తేది. చివరికి అతనే లోపల గోవింద నామాలు చెప్పుకుంటూ నామానికి ఒకసారి నొక్కాడు. నిమిషానికి 12, మా వార్డు బాయ్ కంటే సరిగ్గా.

అప్పుడు అనస్థీషియా డాక్టరుకి ఫోన్ చేశాను. మామూలు ఆపరేషన్లు ఏప్రిల్ నుంచే ఆపేశాం. రెండు థియేటర్లలో ఒకటి సిజేరియన్లకి కావాలి, రెండోది తాళం వేసి ఉంది. అందులో అనస్థీషియా మెషీన్ ఉంది. మెషీన్ అంటే వెంటిలేటరే కదా! ఆమె వెంటనే ఒప్పుకోలేదు, ఆమె అభ్యంతరాలు న్యాయమైనవే. స్వాబ్ పాజిటివ్ వస్తే థియేటర్ పాడవుతుంది. ఆ మెషీన్ రోజుల తరబడి నడవడానికి తయారైంది కాదు, గొట్టాల్లో తడి చేరుతుంది, రోగి వదిలే కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చే సోడా లైమ్ మారుస్తూ ఉండాలి, అది తెలిసిన మనిషి పక్కనే ఉండాలి.

నా వాదన ఆక్సిజన్ గురించి. హై ఫ్లో (ముక్కు గొట్టాలతో ఆక్సిజన్ ఎక్కువ వేగంగా ఇచ్చే పద్ధతి) మీదున్న కోవిడ్ రోగి నిమిషానికి 60 లీటర్ల దాకా తాగుతాడు. జంబో సిలిండర్‌లో ఉండేది సుమారు 7,000 లీటర్లు, రెండు గంటలు కూడా రాదు. ఈయన ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. ఎవరో గాలి కొడితే చాలు, ఆక్సిజన్ నిమిషానికి ఒకటి రెండు లీటర్లు కలిపితే సరిపోతుంది. మే 10 తర్వాత ఆ మాటకి బరువుంది. ఆమె ఒప్పుకుంది. అప్పుడు థియేటర్ టెక్నీషియన్ అడిగాడు: "సార్, ఈ మెషీన్‌లో గాలి కొట్టే తిత్తిని, బెలోస్‌ని, నెట్టేది కూడా ఆక్సిజన్ గ్యాసే. రోగి తాగకపోయినా మెషీన్ తాగుతుంది. ఎయిర్ లైనుకి మార్చాలా?" నాకు ఆ సంగతే తట్టలేదు. మార్చాడు. మూడున్నరకి అంబు బ్యాగు పక్కన పెట్టాం.

రెండో రోజు

అసలు గండం మర్నాడు వచ్చింది. సాయంత్రం ఆర్టీపీసీఆర్ నెగెటివ్. అదే సాయంత్రం డ్యూటీ మారి కొత్త టీమ్ చూసింది. కాలు చెయ్యి కదలడం లేదు, గిల్లినా స్పందన లేదు, కంటిపాపలు రెండూ పూర్తిగా విప్పారి ఉన్నాయి, లైటు వేస్తే కదలడం లేదు. రెడ్ జోన్‌లో 34 ఏళ్ళ మనిషి వెంటిలేటర్ కోసం చూస్తున్నాడు. "ఈయన బ్రెయిన్ పోయినట్టే కదా, ఈ మెషీన్ అతనికి వాడొచ్చు కదా" అని మంచం పక్కనే నిలబడి మాట్లాడుకున్నాం. నన్ను కూడా కలుపుకునే చెబుతున్నాను, ఎందుకంటే నేనూ అక్కడే ఉన్నాను, మెల్లగా మాట్లాడమని అనలేదు.

నేను కాదన్నాను. కట్లపాము విషం కంటిపాప కండరాల్నీ పడేస్తుంది. ఆ విప్పారిన పాపలు మెదడు గురించి ఏమీ చెప్పవు. నిన్న మధ్యాహ్నం దాకా సైగలు చేసిన మనిషికి మధ్యలో గుండె ఆగలేదు, బీపీ పడలేదు, తలకి దెబ్బ తగల్లేదు. మెదడు పోవడానికి కారణం ఏదీ? బ్రెయిన్ డెత్ పరీక్షలు ఒంట్లో ఇలాంటి విషం ఉన్నప్పుడు చెల్లవు. కనీసం ఇంకో మూడు రోజులు చూడాలన్నాను. 34 ఏళ్ళ ఆయన్ని ఇంకో ఆసుపత్రికి పంపే ప్రయత్నం చేశాం. బెడ్ దొరికేసరికి తెల్లారింది. ఆయన బతకలేదు. ఈ వాక్యాన్ని ఈ కేసు నుంచి తీసేయడం సులువే, కానీ ఆ నిర్ణయానికి అయిన ఖర్చు అది.

నా తప్పు ఇంకొకటి ఉంది. మత్తు మందు మిడజోలం వయల్స్ అప్పుడు కరువు. ఉన్నవన్నీ కోవిడ్ ఐసీయూకే. ఈయన ఎలాగూ కదలడం లేదు కదా అని మత్తు దాదాపు ఇవ్వలేదు. కదలకపోవడం వేరు, తెలియకపోవడం వేరు. మెదడు పోలేదని గట్టిగా వాదించినవాణ్ణి, ఆ మాటకి అర్థం ఆయన మెలకువగా ఉన్నాడనేనని నాకే తట్టలేదు.

కోలుకోవడం

నాలుగో రోజు ఉదయం "కాలి బొటనవేలు కదుపు" అంటే కుడి బొటనవేలు కదిలింది. సిస్టర్ నాకు వీడియో కాల్ చేసి చూపించింది.

అయిదో రోజు జ్వరం. మళ్ళీ స్వాబ్ పంపితే పాజిటివ్. కోడలి నుంచి వచ్చిందో, మా రెడ్ జోన్‌లో గడిపిన గంటన్నరలో వచ్చిందో తేల్చలేం. నా అనుమానం మా మీదే. అప్పటికి ఐసీయూలో ఒక వెంటిలేటర్ ఖాళీ అయింది, అక్కడికి మార్చాం. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చాం, రెండు రోజులు ఆక్సిజన్ 40 శాతం దాకా పెంచాల్సి వచ్చింది, తర్వాత తగ్గింది. ఏడో రోజుకి రెప్పలు లేచాయి. పదకొండో రోజు ట్యూబు తీశాం. పదిహేడో రోజు నడిచి బండి ఎక్కాడు.

వెళ్ళే ముందు ఆయన నాతో అన్న మాటలు: "అంతా ఇనపడింది సార్. నా మెషీన్ ఎవరికో ఇస్తామంటాంటే, వేలు కదిలించాలని శానా చూసినా. కదల్లా." నేను క్షమించమన్నాను. ఆయన అర్థమైనట్టు తల ఊపాడు, తర్వాత ఆ ఇంకో మనిషి ఎలా ఉన్నాడని అడిగాడు.

తర్వాత మార్చినవి

షామియానా అప్పుడు తీసేయలేదు, తీయగలిగే పరిస్థితీ లేదు. కానీ క్లిప్పు పెట్టే టేబుల్ దగ్గర ఒక పని చేర్చాం: ఒక్క ఊపిరిలో లెక్కపెట్టించడం. పదిహేను దాటలేనివాళ్ళందరినీ, కోవిడ్ ఉన్నా లేకపోయినా, ముందు సీనియర్ చూడాలి. లెక్క తగ్గిందంటే ఊపిరితిత్తి చెడిందా, కండరం చెడిందా అన్నది చూసేవాడు తేల్చుకోవాలి, కనీసం అడుగుతాడు. రాత్రి ఎక్కడ పడుకున్నారన్న ప్రశ్న కేస్ షీట్‌లో అచ్చు వేయించాం. ఆ వేసవిలో ఇంట్లో పాజిటివ్ ఉందని షెడ్డుల్లో, మిద్దెల మీద, పశువుల కొట్టాల్లో పడుకున్నవాళ్ళు ఎందరో. ఐసొలేషన్ సలహా ఇచ్చేటప్పుడు నేల మీద వద్దు, మంచం, దోమతెర అని చెప్పమని మా ఫీవర్ ఓపీకి చెప్పాం. ఆర్ఎంపీలకీ ఫోన్లు చేశాం, కొందరు విన్నారు.

కదలని రోగి మంచానికి "వింటున్నారు" అని రాసిన అట్ట ముక్క కట్టడం మా సిస్టర్ల ఆలోచన. కోవిడ్ తగ్గాక కూడా అది నిలిచింది.

శ్వాస మాత్రం నిమిషం పాటు లెక్కపెట్టి రాయాలని సర్క్యులర్ ఇచ్చాం, గోడ గడియారం పెట్టించాం, రెండుసార్లు క్లాసు తీసుకున్నాను. మొన్న రాత్రి డ్యూటీలో వరసగా అయిదు చార్టులు తిరగేశాను. మూడింట్లో 22.